బిడ్డలు దిద్దిన కాగితములు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదైన చారిత్రక వ్యాసము వ్రాయవలసినదని పాలకవర్గమువారు నన్ను కోరిరి. బైరెడ్డిపల్లె పూర్వోత్తరములు వ్రాయుదునని పెక్కురు తలంచియుండవచ్చును. పాలెగాండ్ర కథలు చెప్పుటకు నాకంటె సమర్థులు ఊర నున్నారు. నేను లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. గురుముఖమున చదువు భాగ్యము లేక, నిఘంటువు ఒడిలో పెట్టుకొని, రాత్రివేళల కావ్యములతో పెనగులాడినవాడను. అట్టివాని చూపు రాజులమీదికంటె కాగితములమీదికి ముందుగ పోవును. బడిలోగాని ఇంటిలోగాని బిడ్డ దిద్దుటకును, చూచి వ్రాయుటకును, వల్లించుటకును పెద్దలు సిద్ధపఱచి చేతికిచ్చు చిన్న పాఠపు కాగితము ఒకటి యుండును. గ్రంథమని దానిని ఎవరును గౌరవింపరు. సంవత్సరాంతమున అది పొట్లములకు పోవును. అయినను దానికొక చరిత్ర కలదు. ఆ చరిత్రలో మన సీమకు పాలును కలదు. దానిని గూర్చియే యీ వ్యాసము.

కాగితమునకు ముందు ఇసుక. వీధిబడిలో చేరిన బిడ్డ ముందు ఇసుక పఱచి, గురువు వ్రేలితో అక్షరము వ్రాయును. బిడ్డ ఆ గాడిలోనే తన వ్రేలు నడపును. తప్పు పోయినచో అఱచేతితో చెఱిపి మరల మొదలుపెట్టవచ్చును. కాసు ఖర్చు లేదు. మన భాషలో దీనికి 'దిద్దుట' యని పేరు. బిడ్డ అక్షరముమీద అక్షరము వ్రాయుటయు దిద్దుటయే. గురువు తప్పును సరిచేయుటయు దిద్దుటయే. నేర్చువాని పనికిని నేర్పువాని పనికిని ఒకే క్రియాపదమును వాడినవారు బడి యన నేమో తెలిసినవారని నా యభిప్రాయము.

ఇసుక దాటిన పిదప పలక, ఆ పిదప తాటాకు. గురువు గంటముతో పై వరుస చెక్కి యిచ్చును. శిష్యుడు దాని క్రింద చూచి వ్రాయును. మధ్యలో మఱియొక సాధనము కలదు. దానిని నేటి పిల్లలెఱుగరు. అది కడితము. గుడ్డకు చింతగింజల జిగురును బొగ్గుపొడియు పట్టించి, ఆరనిచ్చి, పుస్తకమువలె మడతలు పెట్టుదురు. నల్లని ఆ గుడ్డమీద మెత్తని రాతి బలపముతో వ్రాసినచో అక్షరములు తెల్లగ కనబడును. కావలసినన్నాళ్లు ఉంచుకొని, అక్కఱ తీఱగనే తుడిచివేయవచ్చును. కన్నడ సీమలోను తెలుగు సీమలోను వర్తకులును కరణములును లెక్కలు దీనిమీదనే వ్రాసికొనెడివారు. బడిపిల్లలు వ్రాత నేర్చినదియు దీనిమీదనే. అనగా బిడ్డ బడిలో పట్టిన సాధనమునే పెద్దయైన పిదప కచేరిలోను పట్టెడివాడు. చదువు వేఱు, పని వేఱు అను ఎడబాటు లెక్కల విషయమున నాడు లేదు.

ఈ సంగతులు కట్టుకథలు కావు. 1822 జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, రాజధానిలోని బడులన్నిటిని లెక్కించి పంపవలసినదని కలెక్టర్లకు ఆజ్ఞ చేసెను. ఈ మన్రో మన ప్రాంతమునకు క్రొత్తవాడు కాడు. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ముఖ్య కలెక్టరుగా నుండినవాడు. మదనపల్లె సీమ ఆ కాలమున కడపలోనిది. మన పలమనేరు వైపు ఉత్తర ఆర్కాటు క్రిందిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడు వఱకు ఈ రెండు సీమలును వేర్వేఱు కచేరీల క్రిందనే యుండెను. మన్రో యడిగిన లెక్కకు వచ్చిన జాబులలో మిక్కిలి వివరమైనది బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో వ్రాసినది. ఈయన తెలుగు వ్యాకరణమును 1816లోను, తెలుగు నిఘంటువును 1821లోను ప్రకటించినవాడు. భాష తెలిసి బడిగడప త్రొక్కినవాడు. ఆనాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము సీమయు చేరియుండెను. కావున ఆయన వ్రాసినది మన పొరుగింటి మాట.

క్యాంబెల్ చెప్పిన చొప్పున ఆ జిల్లాలో 533 బడులు. వానిలో కన్నడపువి 235, తెలుగువి 226. చదువువారు మొత్తము 6,641. బిడ్డకు అయిదవ యేట గణపతి ముందు కూర్చుండబెట్టి బియ్యములో వ్రేలితో దేవుని పేరు వ్రాయించుటయు, మఱునాటినుండి బడికి పోవుటయు ఆయన వర్ణించెను. ఉదయమున బడికి మొదట వచ్చినవాని అఱచేత సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవవానికి సున్న. అనగా పొగడ్తయు లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగ ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, అటుపై వచ్చినవారికి వరుసగ ఒక్కొక్క దెబ్బ హెచ్చు. నా చిన్ననాడు మా తాతగారు ఇదే మాట చెప్పగా నవ్వులాటకు చెప్పుచున్నారనుకొంటిని. కలెక్టరుగారి జాబులో చూచిన పిదప నమ్మితిని.

మన బడులలో బిడ్డలకు వ్రాత నేర్పు పద్ధతి చౌకయైనదనియు, ముందు నేర్చిన పిల్లలచేత వెనుకటివారికి నేర్పించుట మెచ్చదగినదనియు, దానిని ఇంగ్లండులో అనుకరించుట తగియే యున్నదనియు ఆయన వ్రాసెను. ఇంతవఱకు చదివి మనవారు పొంగిపోవుదురు, అటుపై చదువరు. పిల్లలు వల్లించు పద్యములు పాతభాషలో నుండుటచే అర్థము తెలియక చిలుకలవలె పలుకుచున్నారనియు ఆయనయే వ్రాసెను. దేశము పేదదగుటచేత బడులు క్షీణించుచున్నవనియు వ్రాసెను. మఱియొక అంకె కూడ వ్రాసెను: ఆ 6,641 మందిలో ఆడబిడ్డలు 60 మంది మాత్రమే. నేను లెక్కల మనిషిని. ఈ యంకెను దాటి ముందుకు పోవుట నాకు సుళువు కాలేదు. నూటికి ఒక్కరైనను లేరు. వీధిబడిని కీర్తించువారు ఈ వరుసను గూడ చదువవలెను.

మన్రో 1826 మార్చి 10న అన్ని జిల్లాల లెక్క తేల్చెను. రాజధానిలో 12,498 బడులు, జనము 12,850,941. అనగా సుమారు వేయిమందికి ఒక బడి. ఆ పత్రమునందే మఱియొక విశేషము కలదు. మద్రాసు పట్టణములో ఇంటివద్దనే చదువుకొను బిడ్డలు ఇరువదియాఱు వేలకు పైగా నున్నారనియు, అది బడికి పోవువారికి అయిదింతలకు మించినదనియు అచటి కలెక్టరు చెప్పియుండెను. ఈ లెక్కలో పొరపాటుండవచ్చునని మన్రో సందేహించెను. అయినను జిల్లాలలో కూడ తండ్రులవద్దను బంధువులవద్దను ఇంట చదువువారు తగినంతమంది యుందురని ఒప్పుకొనెను. నేడు ఇంటి చదువును గూర్చి నగరములలో క్రొత్త మాటవలె చెప్పుకొనుచున్నారు. రెండువందల యేండ్ల క్రిందటనే ఒక గవర్నరు దానిని లెక్కలో చేర్చుటెట్లని తల గోకికొనెను.

ఇక ఇంగ్లండు అనుకరించినదన్న మాట యేమి? 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల యనాథబాలుర శాల ఒకటి ఏర్పడెను. దాని పర్యవేక్షకుడు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు. అతడొకనాడు దారిలో ఒక నాటు బడిని చూచెను. పిల్లలు నేలమీద కూర్చుండి ఇసుకలో వ్రేళ్లతో వ్రాయుచుండిరి. తన శాలలోని ఉపాధ్యాయులను అట్లే నేర్పుడనగా వారు సమ్మతింపలేదు. అందుపై జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల పిల్లవానిని చిన్న తరగతికి నేర్పుమని నియమించెను. పని జరిగెను. బెల్ ఊరికి తిరిగిపోయి 1797లో లండనులో దీనినిగూర్చి పుస్తకము ప్రకటించెను. 'మద్రాసు పద్ధతి' యని దానికి పేరు. ఆ ఎనిమిదేండ్ల పిల్లవాని పేరు చరిత్రలో నిలిచినది. ఇసుకలో వ్రాయుచుండిన నాటు బడి అయ్యవారి పేరును బెల్‌గాని మఱియెవ్వరుగాని అడుగలేదు.

అదే కాలమున లండనులో జోసెఫ్ లాంకాస్టరు అను నతడు బీదపిల్లలకు బడి పెట్టి, వందలమందికి ఒక్కడే గురువుగా నుండెను. అందఱికి పుస్తకములు కొను శక్తి లేదు. పాఠములను పెద్ద యక్షరములతో విడి కాగితములమీద అచ్చొత్తించి, అట్టలకంటించి గోడకు వ్రేలాడదీసెను. పిల్లలు గుంపులుగా వచ్చి దానిముందు నిలిచి చదువుకొని పోవుదురు. మఱియొక గుంపు వచ్చును. పుస్తకమైనచో ఒకనిచేతిలో నలిగిపోవును, అట్టయైనచో వందలమందికి చాలును. తరగతి గదికని అచ్చైన విడిపాఠము ఇంత విరివిగ వాడుకలోనికి వచ్చుటకు లాంకాస్టరు ముఖ్యకారకుడు. బెల్ వర్గమువారును లాంకాస్టరు వర్గమువారును ఈ పద్ధతి నాదనగా నాదని యేండ్ల తరబడి కలహించిరి. మన వీధి అరుగుమీది వస్తువుకొఱకు సముద్రమునకావల వ్యాజ్యమాడిన వైనము తలచుకొన్నపుడు నాకు నవ్వు వచ్చును.

తెలుగున అచ్చు మెల్లగ వచ్చినది. 1746–47 ప్రాంతమున జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకము లచ్చొత్తించెను. అవి మతబోధకై వెలసినవి, బిడ్డలకై కాదు. 1832 ప్రాంతమున క్లూలో అను ఆంగ్లేయాధికారి ప్రేరణచే పుదూరు చదలవాడ సీతారామశాస్త్రిగారు 'బాలశిక్ష' కూర్చిరి. అదియే పెరిగి 'పెద్ద బాలశిక్ష' యైనది. 1854లో వెలసిన వావిళ్లవారి ముద్రాలయము మొదలుగా పలువురు దానిని మరల మరల అచ్చొత్తిరి. అక్షరములు, గుణింతములు, రెండక్షరముల మాటలు, ఎక్కములు, తిథులు, నక్షత్రములు, నీతులు, అన్నియు ఒకే అట్టలో. బడి లేని ఊళ్లలో అదియే బడి. తల్లి వంట చేయుచు, తండ్రి పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొనుచు, బిడ్డచేత దానినే చదివించెడివారు. ఆ పుస్తకమును పాండిత్యముతో పరిహసించువారిని నేనెఱుగుదును. వారును దానితోనే మొదలుపెట్టినవారు.

అయితే పుస్తకము వరుసగ నడచును. బిడ్డ వరుసగ నడువడు. ఈ చిక్కు నా బ్రదుకులోనే నాకు తెలిసినది.

1978లో నాకు ఎనిమిదేండ్లు. విషజ్వరము తగిలి రెండు నెలలు మంచము పట్టితిని. లేచిన పిదపను కాళ్లలో బలము లేదు. ఆ యేడు బడి పోయినది. మా తాతగారు కరణీకము మాని ఇంటనుండిరి. ఆయనవద్ద చెల్లిపోయిన అడంగలు కాగితములు కట్టలు కట్టలుగా నుండెను. వాని వెనుకవైపు తెల్లగా నుండును. ప్రతిదినము తెల్లవాఱుజామున ఆ తెల్లప్రక్కను ఒక కాగితము సిద్ధము చేసెడివారు. పై వరుసలో ఒక మాటయో లెక్కయో గుండ్రని యక్షరములతో వ్రాసి, క్రింద ఎనిమిది గీతలు గీచి ఖాళీగా విడుచుదురు. నేను దిద్దవలెను. నిన్న తప్పిన లెక్క నేటి కాగితమున మరల వచ్చును. నిన్న సరిగ చేసినది రాదు. పుస్తకమున నిట్లు జరుగదు గదా! 1957లో నయాపైసలు వచ్చి, కొలది యేండ్లలో తూనికలును మాఱినను, వీసము, కాని, పాతిక ఎక్కములు కూడ ఆయన వదలలేదు. "ఇవి ఎందుకు తాతా, సంతలో ఎవురూ అడగరు గదా" అని నేననగా, "సంతలో అడగరు నాయనా, పాత దస్తావేజులో అడగతారు" అనిరి. ఆ మాట నిజమని నాకు ముప్పదియేండ్లు వచ్చిన పిదప తెలిసినది.

మా వీధికెదురింట నాకంటె రెండేండ్లు చిన్నదైన ఆడబిడ్డ యుండెను. తమ్ముని చంకనెత్తుకొని తిరుగుట ఆమె పని; బడికి పంపలేదు. మా యరుగుమీద నిలిచి నా కాగితములు చూచుచుండెడిది. తాతగారు గమనించి, నేను దిద్దిన పిదప ఆ కాగితము ఆమెకిచ్చెడివారు. ఆమె ఒక నోటుపుస్తకములో దానిని చూచి వ్రాసికొని మఱునాడు తెచ్చి యిచ్చును. కాగితము తిరిగి రావలెనన్నది ఆయన నియమము. కరణము ఇంటి కాగితము బయట నుండరాదట. నేను మఱుసటియేడు బడికి పోతిని. ఆమె పోలేదు. 1984లో కరణీకములు రద్దైనవి. తాతగారు అప్పటికే గతించిరి. ఆ చదువు కాగితముల కట్టను మా తండ్రిగారు పెట్టెలో దాచిరి.

ఇక మన ప్రాంతమున జరిగిన పెద్దపనికి వచ్చుచున్నాను. మదనపల్లె చేరువ రిషివ్యాలీ పాఠశాలను ఎఱుగనివారు మనలో లేరు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి ప్రేరణచే 1926లో వెలసినది. దూరదేశముల బిడ్డలు వచ్చి చదువు బడియని మనము దానిని దూరమునుండియే చూచితిమి. కాని దాని చుట్టుపట్ల పల్లెబిడ్డలకొఱకు 1980ల చివరినుండి అచట వేఱొక పని జరిగినది. పద్మనాభరావుగారును రమగారును అను దంపతులు ఏకోపాధ్యాయ బడులు పెట్టించి, వానికి పాఠములను విడి కార్డులుగ తయారుచేసిరి.

వారు చూచిన చిక్కు మనకందఱకు తెలిసినదే. ఒక అయ్యవారు, అయిదు తరగతులు. వేరుసెనగ విత్తునపుడు సగముమంది రారు. కోతలప్పుడు మిగిలిన సగమును రారు. పది దినములు మానివచ్చిన బిడ్డకు పాఠము దాటిపోయి యుండును. ఆ బిడ్డ వెనుకబెంచీకి పోవును. పిదప బడియే మానును. వారు పుస్తకమును విప్పి చిన్నచిన్న మెట్లుగ చేసిరి. ప్రతి మెట్టునకు కొన్ని కార్డులు. గోడమీద నిచ్చెనవలె ఒక పటము. ప్రతి కార్డుమీద బొమ్మగుర్తు. ఆ గుర్తును బట్టి క్రొత్తది నేర్చుటకో, అభ్యాసమునకో, తనను తాను పరీక్షించుకొనుటకో, తప్పినది మరల చేయుటకో తెలియును. బిడ్డ నిచ్చెనమీద తన స్థానము చూచుకొని, తన కార్డు తానే తీసికొని కూర్చుండును. కొందఱు అయ్యవారివద్ద, కొందఱు తోటిపిల్లలవద్ద, కొందఱు ఒంటరిగ. పదిదినములు మానినవాడు పదకొండవ దినమున తాను విడిచిన మెట్టుననే నిలుచును. ఈ సామగ్రియంతయు ఒక పెట్టెలో పట్టును; 'పెట్టెలో బడి' యని దానికి పేరు వచ్చినది. పల్లె తల్లులను పిలిచి, బిడ్డలచేత అంగళ్లు పెట్టించి, తూనికలు కొలతలు నేర్పు మెట్రిక్ మేళా యను వేడుకయు వారిదే. లెక్కలవాడనగుటచే అది నాకు కార్డులకంటెను ముచ్చటగ తోచినది.

నిన్న తప్పినదే నేడు మరల రావలెనను సూత్రమును మా తాతగారి అడంగలు కాగితములలో నేనెఱుగుదును. పెద్ద పిల్లవాడు చిన్నవానికి చెప్పుట క్యాంబెల్ చూచిన వీధిబడిలోనిదే. విడిపాఠము గోడకెక్కుట లాంకాస్టరుది. కావున ఇది యంతయు పాతదే యని తీసివేయువారు కలరు. నేనొప్పను. పాతబడిలో గురువు నడుపు వేగమున అందఱును నడచిరి. ఎవని వేగమున వానిని నడువనిచ్చుట, దానికి వేలకొలది కార్డులు ఓపికతో వ్రాసి, పిల్లలముందు పెట్టి చూచి, మార్చి, మరల అచ్చొత్తుట మాత్రము క్రొత్తది. ఆడబిడ్డకును, పశువుల కాపరికిని దానిలో మెట్టు దొరకినది.

మనది మూడు రాష్ట్రముల కూడలికి చేరువయైన ఊరు గనుక ఈ కార్డులు ఎల్లలు దాటుట మనము చూడగలిగితిమి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు రిషివ్యాలీకి వచ్చి చూచిపోయి, కన్నడమున 'నలి–కలి' యను పద్ధతి నెలకొల్పిరి. 'ఆడుచు నేర్చుకో' యని దాని భావము. 2003లో మద్రాసు కార్పొరేషను బడులలో ఆ త్రోవనే తమిళ కార్డులు వచ్చినవి. కొలది యేండ్లకు తమిళనాడు అంతటికిని ప్రాకినవి. మద్రాసునుండి బెల్ ఒకనాడు ఇంగ్లండునకు పట్టుకొనిపోయిన వస్తువు, రెండు శతాబ్దముల పిదప మదనపల్లె చెంతనుండి వేఱు రూపమున మద్రాసు చేరినది. మన తెలుగు బడులకును సర్వశిక్షా అభియాన్ దినములలో స్నేహబాల కార్డులు వచ్చినవి. ఒక బడిలో ఆ కార్డులు బీరువాలో తాళము వేసియుండుట చూచి కారణమడిగితిని. "పిల్లోళ్ల చేతికిస్తే పాడైపోతాయి గదన్నా" అని జవాబు వచ్చినది. పాడు కాని కార్డు ఏ బిడ్డయు చదువని కార్డు. సిద్ధపఱచిన వారి తలంపు, సుతిమెత్తని శిక్షణ, ఓపిక, ఇవేవియు పెట్టెతోపాటు లారీలో రావు.

ఇతరులను తప్పుపట్టితిని గనుక నా తప్పును చెప్పవలెను. మన గ్రంథాలయము వెలసినప్పుడు మా తాతగారి కాగితముల కట్టను నేనే తెచ్చి అల్మారపై పెట్టితిని, చూడదలచినవారు చూతురని. ఒక మాస్టరుగారు పదవీ విరమణ నాడు తాను చేయించుకొన్న బొమ్మపటములను, లెక్కల అట్టలను ఇచ్చిపోయిరి. 2009లో గదికి సున్నము వేయించునపుడు కోశాధికారిని నేను. అటకమీది పాతకాగితములన్నిటిని దింపించి తక్కెడకెక్కించితిని. నా దస్తూరీతోనే జమాపద్దు ఉన్నది: పాతకాగితములు 37 కిలోలు, కిలో 6 రూపాయలు, మొత్తము 222 రూపాయలు. దానిలో తాతగారి కట్టయు, మాస్టరుగారి పటములును పోయినవని నాలుగు నెలలకు గాని తెలియలేదు. పాత సామాను కొట్టునకు పరుగెత్తితిని. సరకు అప్పటికే వెళ్లిపోయినది. నాడు సభ్యులెవ్వరును నన్నొక మాట యనలేదు, అనియున్నచో బాగుండెడిది.

2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతపడెను. చిన్న తరగతులు మరుసటి యేడాది ఆరంభము వఱకు తెఱవబడలేదు. దూరదర్శనలో పాఠములు వచ్చినవి, ఫోనులో వచ్చినవి, ఫోనుతో తండ్రి పనికి పోయినచో బిడ్డ పాఠమును ఆయన వెంటనే పోయినది. మన గ్రంథాలయపు వసారాలో దూరదూరముగ కూర్చుండి ఇరువదిమంది బిడ్డలు చదువుకొందురని, వారమునకు తలకు నాలుగు కాగితములు ఇత్తమని తలపెట్టితిమి. ఎనుబది ప్రతులు, ప్రతికి రెండు రూపాయలు, వారమునకు నూటయఱువది. నవలల పద్దునుండి తీయవలసివచ్చెను. కొందఱు చందాదారులకు కోపము వచ్చినది. వారి కోపమున న్యాయము లేదనను.

పలమనేరులో అచ్చుతీయించి తెచ్చిన కాగితములు చూడగా వానిలో మంచు మనిషి, యాపిల్ చెట్టు, ఇంగ్లీషు అక్షరములు. తెలుగువి కొలదిగ దొరకినను వానిలో గుణింతములు తప్పులు. చివరకు నేనే వ్రాయ మొదలిడితిని. పట్టుగూళ్ల ధర, పాలకేంద్రములో పోసిన లీటర్లు, టమోటా పెట్టెల బాడుగ, ఇవి లెక్కలైనవి. మాటల కాగితములకు మాత్రము నా చేయి కుదురలేదు. మా తాతగారు ఏ మాట పిదప ఏ మాట పెట్టిరో, ఏ గీత ఎక్కడ గీచిరో, ఎంత తలచినను నాకు జ్ఞాపకము రాలేదు. పోగొట్టినదేమో ఆ రాత్రులలో నాకు బోధపడినది.

ఒక సాయంకాలము ఎదురింటి యాడబిడ్డ, ఇప్పుడు మనుమడు గలిగిన పెద్దమ్మ, కొంగున చుట్టిన నోటుపుస్తకముతో వసారా మెట్లెక్కినది. మనుమని పేరు చేర్చుకొమ్మని చెప్పి, వెనుదీయుచు అనినది:

"అన్నా, మీ తాత రాసిచ్చిన కాగితాలు నేను అప్పుడు చూసి రాసుకున్నేను గదా, అవి ఉండాయి. పనికొస్తాయేమో సూడన్నా."

అట్ట ఊడిపోయినది. అంచులు చెదలు కొఱికినవి. డెబ్బదిరెండు పుటలు మిగిలినవి. ఆఱేండ్ల బిడ్డ చేతివ్రాత. కాని పై వరుసలోని గుండ్రని 'అ'యు, వంక తిరిగిన 'శ'యు మా తాతగారివే. ఖాళీగా విడువవలసిన ఎనిమిది గీతలు కూడ తప్పక గీచికొనినది. వీసపు ఎక్కము పదునాఱు వరుసలును తప్పు లేదు. ఎన్నడును ఏ బడి హాజరుపట్టీలోను ఆమె పేరు లేదు. "ఇన్నాళ్లు ఎందుకు దాచుకొంటివమ్మా" అని యడిగితిని. "పాలలెక్క తప్పు రాసినోళ్లతో ఇది చూసుకునే కదన్నా కొట్లాడేది" అన్నది.

ఆ పుటలనుండి ప్రతులు తీయించి బిడ్డలకిచ్చితిమి. బడులు తెఱచినంతవఱకు నలుబదియొక్క వేర్వేఱు కాగితములు నడచినవి. వానిలో ఇరువదితొమ్మిది ఆ నోటుపుస్తకములోనివి, తక్కినవి నావి. పుస్తకమును గ్రంథాలయమునకు దానమిమ్మని పాలకవర్గమువారు అడుగగా ఆమె ఒప్పలేదు. చూచి వ్రాసికొని తిరిగి యిమ్మనినది. అది మా తాతగారి నియమమే గనుక నేను మాఱుపలుకలేదు. రెండు వారములు కూర్చుండి డెబ్బదిరెండు పుటలను నా చేతితో ఎత్తి వ్రాసి, అసలును ఆమె యింట అప్పగించి వచ్చితిని. నా ప్రతి గ్రంథాలయమున తూర్పుగోడ బీరువాలో, క్రింది అరలో నున్నది. దానికి తాళము లేదు. కావలసినవారు ప్రతి తీసికొనవచ్చును. నా ప్రతిలో తప్పులు కనబడినచో ఎఱ్ఱసిరాతో దిద్దవలసినదని చందాదారులను ప్రార్థించుచున్నాను.